సినిమా చదవడం నేర్చుకుందాం, 6వ పాఠం: "వీడసలు కౌబాయేనా?"

పోయిన పాఠంలో ఇచ్చిన పని గుర్తుందిగా? జాన్ ఫోర్డ్ తీసిన ‘ది సెర్చర్స్’ (1956) మొదటి షాటునీ చివరి షాటునీ పక్కపక్కన పెట్టుకుని చూడమన్నాను. మొదట్లో ఒక తలుపు తెరుచుకుంటుంది, చివర్లో ఒక తలుపు మూసుకుంటుంది. చాలామంది ఆ తలుపు దగ్గరే ఆగిపోతారు. ఇంకోసారి చూడండి. ఈసారి తలుపు వదిలేసి హీరో జాన్ వేన్ చేతులు చూడండి. అందరూ ఇంట్లోకి వెళ్లిపోయాక ఆయన ఒక్కడే బయట నిలబడి, ఎడమ చేత్తో కుడి మోచేతిని పట్టుకుంటాడు. అంత పొడుగు మనిషీ ఎక్కడ చేతులు పెట్టుకోవాలో తెలియని పిల్లాడిలా కనిపిస్తాడు. మూకీల కాలంలో హ్యారీ కేరీ అని ఒక కౌబాయ్ హీరో ఉండేవాడు. అలా నిలబడటం ఆయన అలవాటు. ఆయన 1947లో పోయాడు. ఆయన భార్య ఆలివ్ కేరీ ఈ సినిమాలో వేషం వేసింది. వేన్ ఆ భంగిమ పెట్టింది హ్యారీ కేరీకి నివాళిగా.

అంటే ఏమిటి? అమెరికాలో మగాడంటే ఇలా ఉండాలి అని వేలెత్తి చూపించే మనిషి, నిలబడే తీరును ఇంకో నటుడి దగ్గర అరువు తెచ్చుకున్నాడు. పేరు కూడా పుట్టుకతో వచ్చింది కాదు. అయోవాలో పుట్టినప్పుడు ఇంట్లో పెట్టిన పేరు మారియన్.

ఇక ఈ వారం విద్య. కౌబాయ్ సినిమా చూసి ఎవరైనా "ఇది ఒరిజినల్ కాదు", "వీడు మగాడిలా లేడు" అన్నప్పుడు ఆ మాటను ఎలా విప్పాలి? అవునో కాదో తేల్చడం తర్వాత. ముందు ఆ మాటలో ఎన్ని మాటలున్నాయో లెక్క పెట్టాలి.

మాటను గళ్లలో వేయడం

2022 ఫిబ్రవరి చివర్లో శామ్ ఎలియట్ అనే నటుడు ఒక పాడ్‌కాస్ట్‌లో జేన్ క్యాంపియన్ తీసిన ‘ది పవర్ ఆఫ్ ది డాగ్’ (2021)ను చెడామడా తిట్టాడు. గుబురు మీసం, బావిలోంచి వచ్చినట్టుండే గొంతు. కౌబాయ్ వేషాలకు పెట్టింది పేరు. కోపంలో చాలా మాటలు ఒకేసారి దొర్లాయి. మోంటానా కథను న్యూజిలాండ్‌లో తీయడమేమిటన్నాడు. అక్కడి నుంచి వచ్చిన ఆవిడకు అమెరికా పడమటి సీమ గురించి ఏం తెలుసన్నాడు. కౌబాయ్‌లు చొక్కాలు విప్పుకుని చాప్స్‌లో తిరుగుతున్నారనీ, సినిమా నిండా స్వలింగ ప్రేమ సూచనలేననీ అన్నాడు. కొద్ది రోజులకు క్యాంపియన్ జవాబిచ్చింది: ఆయన కౌబాయ్ కాదు, నటుడు, పడమటి సీమ పురాణాల్లాంటి చోటు, అక్కడ అందరికీ జాగా ఉంది అని. మార్చిలో ఆమెకు ఉత్తమ దర్శకురాలిగా ఆస్కార్ వచ్చింది. ఏప్రిల్‌లో ఎలియట్ క్షమాపణ చెప్పుకున్నాడు. పత్రికలకు సంగతి అక్కడితో అయిపోయింది.

మనం మాత్రం ఒక కాగితం తీసుకుని ఆ కోపాన్ని మూడు గళ్లలో వేద్దాం: చోటు, బట్టలు, మగాడు.

చోటు గడి ఇట్టే తేలిపోతుంది. ‘ది సెర్చర్స్’ కథ జరిగేది టెక్సాస్‌లో, తెర మీద కనిపించేది యూటా, అరిజోనా సరిహద్దులోని మాన్యుమెంట్ వ్యాలీ. 1903 నాటి ‘ది గ్రేట్ ట్రెయిన్ రాబరీ’ ఎక్కువ భాగం న్యూజెర్సీలో తీసిందే. ఇటలీవాడు సెర్జియో లియోనే తన కౌబాయ్‌లను స్పెయిన్‌లోని అల్మెరియా ఎండల్లో తిప్పాడు. మన సంగతే తీసుకోండి. 1971లో కృష్ణ ‘మోసగాళ్లకు మోసగాడు’ కోసం కె.ఎస్.ఆర్. దాస్ యూనిట్ రాజస్థాన్ ఎడారికి వెళ్లింది. టెక్సాస్ వెళ్లలేదేమని మనవాళ్లెవరూ టికెట్ డబ్బులు వెనక్కి అడగలేదు. నకిలీ చోటు ఈ సినిమాలకు పుట్టుమచ్చ లాంటిది. కాబట్టి ఎవరైనా చోటు గురించి మరీ గట్టిగా మాట్లాడుతుంటే, అసలు కోపం వేరే గడిలో ఉందేమో వెతకండి.

బట్టల గడి కొంచెం రుచిగా ఉంటుంది. చాప్స్ అంటే ముళ్లపొదల్లో స్వారీ చేసేటప్పుడు కాళ్లు గీరుకుపోకుండా ప్యాంటు మీద కట్టుకునే తోలు తొడుగులు. ఆ మాట మెక్సికో స్పానిష్‌లోని ‘చాపర్రేరాస్’ నుంచి వచ్చింది. తాడును ‘లారియట్’ అంటారే, అది ‘లా రియాటా’. ‘రోడియో’ (గుర్రాలు, ఎద్దుల మీద స్వారీ పోటీలు) స్పానిషే. పశువుల కాపరిని మెక్సికోలో ‘వకేరో’ అంటారు. అసలు సిసలు అమెరికన్ మగాడి సామాను సగానికి సగం సరిహద్దు అవతలి నుంచి వచ్చిందే.

ఎలియట్ కన్ను మాత్రం మంచి కన్ను. ఆ సినిమాలో ఫిల్ బర్‌బాంక్ (బెనెడిక్ట్ కంబర్‌బ్యాచ్) నిజంగానే చాప్స్ విప్పడు. ఇంట్లోకి కూడా వాటితోనే వస్తాడు. తమ్ముడు జార్జ్ మాత్రం సూటు వేసుకుంటాడు. ఇది 1925, రోడ్ల మీద కార్లు తిరుగుతున్న కాలం. నేను మొదటిసారి చూసినప్పుడు నాకూ ఫిల్ అతి చేస్తున్నాడనిపించి సగంలో ఆపేసి పడుకున్నాను. రెండోసారి చూసినప్పుడుగానీ విందు సీన్లో ఒక మాట చెవిన పడలేదు. ఫిల్ యేల్ విశ్వవిద్యాలయంలో గ్రీకు, లాటిన్ సాహిత్యం చదువుకున్నవాడు. అంటే అతను కౌబాయ్ వేషం వేసుకున్న పండితుడు. వేషం ఎక్కువైంది అన్నది సరైన పరిశీలనే. అది దర్శకురాలి పొరపాటు అనుకోవడం దగ్గరే ఎలియట్ దారి తప్పాడు. ఈ తేడా బాగా గుర్తుపెట్టుకోండి. తిట్టేవాళ్లు చాలాసార్లు సరైన చోటే వేలు పెడతారు, కారణం దగ్గర బోల్తా పడతారు.

దేనితో పోల్చి?

మూడో గడిలోకి దిగేముందు ఒక ప్రశ్న అలవాటు చేసుకోవాలి. "అసలు" అన్నవాడిని, దేనితో పోల్చి అంటున్నావని అడగండి. పాత జీవితంతోనా, పాత సినిమాతోనా?

పాత జీవితంతో అయితే, అసలు కౌబాయ్ ఒక కూలీ. నెలజీతానికి వేరేవాడి పశువులను తోలేవాడు. వాళ్లలో నల్లవాళ్లు, మెక్సికన్లు, స్థానిక తెగలవాళ్లు బోలెడంత మంది. 1883లో టెక్సాస్ ఉత్తర భాగంలో కౌబాయ్‌లు జీతాలు పెంచమని సమ్మె కూడా చేశారు. సమ్మె చేసే జాన్ వేన్‌ను ఎప్పుడైనా తెర మీద చూశారా? ఇంకో సంగతి. ‘ది పవర్ ఆఫ్ ది డాగ్’కు మూలం థామస్ సావేజ్ 1967లో రాసిన నవల. సావేజ్ మోంటానా పశువుల మధ్య పెరిగినవాడు, ఆ పనులు చేతులతో చేసినవాడు. ఎలియట్ పుట్టిందేమో కాలిఫోర్నియాలో. పాత జీవితమే కొలబద్ద అయితే కేసు ఆయనకు ఎదురు తిరుగుతుంది. ఆయన చేతిలో ఉన్న కొలబద్ద పాత సినిమా.

చేతులు చూడండి

మగాడి గడి. ఇక్కడ తొందరపడొద్దు.

మన సినిమాల్లో మగతనం మీసంలో, తొడలో ఉంటుంది. మీసం మెలేస్తే, తొడ కొడితే చాలు, హాలుకు అర్థమైపోతుంది. కౌబాయ్ సినిమాలో అది చేతుల్లో ఉంటుంది. తుపాకీ మీదికి ఎంత వేగంగా వెళ్లాయి, వణికాయా లేదా, ఎవరిని తాకాయి, ఎవరిని తాకలేక ఆగిపోయాయి. అందుకే ఈ వాదాలన్నీ చేతుల దగ్గర తేలతాయి.

పాత తగాదా ఒకటి చూద్దాం. ‘హై నూన్’ (1952)లో గ్యారీ కూపర్ ఒక ఊరి మార్షల్, అంటే పోలీసు అధికారి. మధ్యాహ్నం 12 గంటల రైలుకు శత్రువు దిగుతున్నాడు. కూపర్ ఇల్లిల్లూ తిరిగి, చర్చిలోకి కూడా వెళ్లి సాయం అడుగుతాడు. ఎవరూ రారు. ఆ చేతులు వీలునామా రాస్తాయి. మనిషి బల్ల మీద తల వాల్చేస్తాడు. చివరికి హింసంటే గిట్టని భార్య (గ్రేస్ కెల్లీ) తుపాకీ పట్టి ఒకడిని కాల్చాల్సి వస్తుంది. ఊరు బతికాక కూపర్ తన మార్షల్ బిళ్లను తీసి దుమ్ములో పడేసి బండెక్కి వెళ్లిపోతాడు. రచయిత కార్ల్ ఫోర్‌మన్‌ను అప్పట్లో కమ్యూనిస్టుల వేటలో అమెరికా పార్లమెంటు కమిటీ ముందుకు పిలిచారు. అందరూ మొహం చాటేసే ఊరు ఆయనకు ఎక్కడ కనిపించిందో ఊహించుకోవచ్చు.

వేన్‌కు ఈ సినిమా ఒళ్లుమంట. 1971లో ఒక పత్రికతో మాట్లాడుతూ ఇంత అమెరికా వ్యతిరేక సినిమా చూడలేదన్నాడు. కూపర్ ఆ బిళ్లను కాలి కింద వేసి తొక్కాడని కూడా అన్నాడు. ఇప్పుడు మీ పని: సినిమా చివరి రెండు నిమిషాలు పెట్టుకోండి. బిళ్ల కింద పడుతుంది. కాలు దాని మీదికి వెళ్లదు. వేన్ కోపం దాన్ని తొక్కించింది. వాదం ఎంత పెద్ద మనిషిదైనా సరే, సీన్ మళ్లీ చూడకుండా ఒప్పుకోవద్దు. (తమాషా ఏమిటంటే ఆ వేషానికి కూపర్‌కు ఆస్కార్ వస్తే, ఆయన తరఫున వేదికెక్కి అందుకున్నది వేనే. పైగా ఇద్దరిలో నిజంగా మోంటానాలో పుట్టినవాడు, ఇంటి పశువుల క్షేత్రం చూసినవాడు కూపర్.)

జవాబుగా దర్శకుడు హోవార్డ్ హాక్స్, వేన్ కలిసి ‘రియో బ్రావో’ (1959) తీశారు. పని తెలిసిన షెరీఫ్ ఊరంతా తిరిగి సాయం అడుక్కోడు అన్నది హాక్స్ వాదం. నిజమే, షెరీఫ్ వేషంలో వేన్ ఇందులో ఎవరినీ అడగడు. కానీ చేతులు లెక్కపెట్టండి. కుంటి ముసలి స్టంపీ, కుర్రాడు కొలరాడో, తాగుడుకు బానిసైన డ్యూడ్. ఇది చాలదన్నట్టు ఒక సీన్లో ఫెదర్స్ అనే అమ్మాయి కిటికీలోంచి పూలకుండీ విసిరితే, ఆ గందరగోళంలో కొలరాడో అందించిన రైఫిల్‌తో వేన్ బతికి బయటపడతాడు. వద్దంటూనే అందరి సాయమూ తీసుకున్నాడు. రెండు సినిమాల హీరోలకూ మనుషులు కావాలి. ఒకడు నోరు విడిచి అడుగుతాడు, ఒకడు అడగడు. తగాదా అంతా ఆ అడగడం దగ్గరే.

అందులో డ్యూడ్ చేతులు (డీన్ మార్టిన్) విడిగా చూడాలి. మొదట అవి సిగరెట్ కూడా చుట్టలేవు. ఆ సాయం వేన్ ఒక్క మాట అనకుండా చేస్తాడు. తర్వాత డ్యూడ్ మళ్లీ గ్లాసు ముందుకు చేరతాడు. బయట శత్రువులు వాయించే పాట వినిపిస్తుంది. గ్లాసులో పోసిన విస్కీని తిరిగి సీసాలో పోసేస్తాడు, ఒక్క చుక్క ఒలకదు. తుపాకీ మోత లేదు, ముక్కు పగలడం లేదు. నా మట్టుకు నాకు కౌబాయ్ సినిమాలన్నింటిలో ఇంతకు మించిన మగతనం సీన్ కనబడలేదు.

ఇప్పుడు అదే కన్నుతో ఫిల్ దగ్గరికి రండి. (సినిమా చూడనివాళ్లు ఈ పేరా దాటేయండి, ముగింపు చెప్పేస్తున్నాను.) భోజనాల బల్ల మీద కాగితం పువ్వు కనిపిస్తే ఫిల్ వేలు అందులోకి మెల్లగా వెళుతుంది. ఏ అమ్మాయి చేసిందని వెటకారం చేస్తాడు. చేసింది పీటర్ (తర్వాత జార్జ్ పెళ్లాడే రోజ్ కొడుకు) అని తెలిశాక దాన్నే అంటించి సిగరెట్ ముట్టించుకుంటాడు. ముందు ఆ వేలు, తర్వాత ఆ మంట. ఫిల్ మనిషంతా ఆ రెండింట్లో ఉన్నాడు. కోడెలకు విత్తులు తీసేటప్పుడు అతను చేతి తొడుగులు వేసుకోడు. తొడుగులు ఆడంగి వ్యవహారం అని అతని లెక్క. రోజ్ తోళ్లను స్థానిక తెగవాళ్లకు ఇచ్చేస్తే బదులుగా ఆమెకు దొరికేవి కూడా చేతి తొడుగులే. తోళ్లు పోయాయని ఫిల్ రగిలిపోతుంటే, పీటర్ తాను దాచిన తోలు ఇస్తాడు. దాన్ని అతను చచ్చిన ఆవు నుంచి తొడుగులు వేసుకుని మరీ ఒలిచాడు. ఫిల్ తెగిన చేత్తోనే ఆ తోలును నీళ్లలో నానబెట్టి తాడు పేనుతాడు. ఆ ఆవునీ ఫిల్‌నూ చంపింది ఆంత్రాక్స్, మన పల్లెల్లో దొమ్మ రోగం అంటారే, అది. నలుగురూ మెచ్చే ఆ మొరటు ఒట్టి చేతుల్లోంచే చావు లోపలికి వెళ్లింది. చివర పీటర్ ఆ తాడును తొడుగుల చేతులతో పట్టుకుని మంచం కిందికి తోస్తాడు.

ఇప్పుడు కాగితం తీసి మూడో గడిలో ఎలియట్ మాట పక్కన మీ మాట రాయండి. ఒకే వాక్యం, అందులో కనీసం ఒక చెయ్యి ఉండాలి.

వచ్చే వారానికి పని

హాక్స్‌దే ‘రెడ్ రివర్’ (1948). అందులో మాంట్‌గొమరీ క్లిఫ్ట్, జాన్ ఐర్లండ్ ఒకరి పిస్తోలు ఒకరు తీసుకుని చూసుకుని మెచ్చుకునే చిన్న సీన్ ఉంది. ముందు సౌండ్ తీసేసి ఒకసారి, తర్వాత సౌండ్‌తో ఒకసారి చూడండి. రెండుసార్లూ చేతులు ఎక్కడెక్కడ ఉన్నాయో వరుసగా రాసుకోండి, వ్యాఖ్యానం వద్దు. ఓపికుంటే ‘మోసగాళ్లకు మోసగాడు’లో కృష్ణ తుపాకీ పట్టే ఏదో ఒక సీన్‌కూ అదే పని చేయండి. 7వ పాఠంలో చెవుల పని పెట్టుకుందాం. డ్యూడ్ గ్లాసు దించినప్పుడు బయట వాయించిన ఆ పాట పేరు ‘డెగ్వెల్యో’; దానితోనే మొదలు.