బడికి రాని బిడ్డతో మొదలుపెట్టండి: ఊరి బడిలో సేవ చేయదలచిన వారికి

ఊళ్లోని ప్రభుత్వ బడి పిల్లలకు ఏదైనా చేయాలనుకున్నవారు సాధారణంగా పలకలు, నోటు పుస్తకాలు, సంచులు పంచడంతో మొదలుపెడతారు. పంచడం తప్పు కాదు. అయితే రెండు తెలుగు రాష్ట్రాలలోనూ పాఠ్యపుస్తకాలు, యూనిఫాం, మధ్యాహ్న భోజనం ప్రభుత్వమే ఇస్తోంది గనుక, వాటిని అందుకోవడానికి బడిదాకా రాలేకపోతున్న పిల్లలకే మీ సమయం ఎక్కువ అవసరం.

ముందుగా ప్రధానోపాధ్యాయుణ్ణి కలిసి, ఎవరెవరు వస్తారో, ఏ రోజుల్లో ఎంతసేపు ఉంటారో కాగితం మీద రాసిచ్చి అనుమతి తీసుకోండి. విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యులలో సగం మంది మహిళలై ఉండాలి. ఆ తల్లులలో ఒకరిద్దరు మీ వెంట వస్తే, కొత్తవారితో మాట్లాడడానికి జంకే ఇళ్లలోనూ మాట కలుస్తుంది. పిల్లలతో ఏ పెద్దవారూ గదిలో ఒంటరిగా ఉండకూడదని, తల్లిదండ్రులకు చెప్పకుండా ఎక్కడికీ తీసుకెళ్లకూడదని మొదటి రోజే నియమం పెట్టుకోండి.

తరువాత చూడవలసింది హాజరు పట్టీ. తరగతి ఉపాధ్యాయుడితో కూర్చొని గడిచిన రెండు మూడు నెలలు పరిశీలిస్తే, వరుసగా వారం పది రోజులు మానేసేవారు, సంత రోజున మాత్రమే రానివారు, ప్రతి నెలా నాలుగైదు రోజులు కనబడని ఆడపిల్లలు విడివిడిగా తేలుతారు. ఒక్కొక్కరిది ఒక్కో కారణం. చెల్లెల్ని చూసుకోవడానికి ఇంట్లో ఆగిపోయిన అమ్మాయికి, ఆ చెల్లెల్ని అంగన్‌వాడీలో చేర్పించడమే సాయం. బోర్డు కనబడక చదువంటే విసుగు పుట్టిన పిల్లవాడికి కావలసింది కళ్లజోడు. పత్తి తీతకు పోయే పిల్లవాడి విషయంలో తండ్రితోనే కాక, కూలీలను కుదిర్చే మేస్త్రీతోనూ మాట్లాడి, పద్నాలుగేళ్లలోపు పిల్లలను కూలికి పెట్టుకోవడం నేరమని మర్యాదగానే, స్పష్టంగా చెప్పాలి.

ఇళ్లకు వెళ్లేది పెద్దలు పనుల నుంచి తిరిగివచ్చిన తరువాతే. ఎందుకు పంపడం లేదని నిలదీయకండి. రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి శాంతా సిన్హా నాయకత్వంలో బాల కార్మికులను బడికి చేర్చిన ఎం.వి. ఫౌండేషన్ అనుభవం చెప్పేది కూడా ఇదే: పేద తల్లిదండ్రులకు బిడ్డల చదువు మీద ఆశ ఉంది, ఆ ఆశకు తోడు నిలిచేవారే కరువు.

అన్నిటికన్నా కష్టమైనది వలస. కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి గుంటూరు వైపు మిరపకాయల కోతకు, సుగ్గికి (పంట కోతల కాలపు కూలి వలసకు), కుటుంబాలకు కుటుంబాలే కదులుతాయి. పిల్లలూ వెంట పోతారు. బండి ఎక్కిన తరువాత చేయగలిగింది తక్కువ. అందుకని నెల ముందే ఏయే ఇళ్లు కదులుతాయో తెలుసుకొని, అవ్వ దగ్గరో మేనత్త దగ్గరో బిడ్డను ఉంచగలరేమో అడగండి, వలస వెళ్లినవారి పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునే సీజనల్ హాస్టల్ కోసం పాఠశాల కమిటీ తరఫున మండల విద్యాధికారికి అర్జీ పెట్టండి. పనికి వచ్చిన కుటుంబాలు మీ ఊరి పొలాల్లోనే దిగితే, ఆ పిల్లలను మీ బడికి తీసుకురండి. బదిలీ పత్రం ఆలస్యమైందని గానీ, వయసు ధ్రువపత్రం లేదని గానీ చేర్చుకోకుండా ఉండడానికి విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు. చదువు మధ్యలో ఆగిన పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చి, ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని కూడా అదే చట్టం చెబుతోంది.

సాయంత్రం చదివించేవారు పిల్లలను తరగతిని బట్టి కాక, చదవగలిగే స్థాయిని బట్టి కూర్చోబెట్టండి. చెప్పిన రోజున తప్పకుండా రండి.

చెప్పులో కళ్లజోడో ఇవ్వవలసి వస్తే ప్రధానోపాధ్యాయుడి ద్వారా, నలుగురిలో కాకుండా ఇవ్వండి. పేదరికానికి గుర్తుగా ఏ బిడ్డ ఫోటో కూడా వాట్సాప్‌లో తిరగకూడదు. ఈ విషయంలో దాతలు ఎంత అడిగినా లొంగకండి.

పదో తరగతి అమ్మాయికి పెళ్లి కుదిరిందని తెలిసినా, బిడ్డ ఒంటిమీద దెబ్బలు కనిపించినా, మీరే విచారణకు దిగకుండా పిల్లల సహాయ నంబరు 1098కు ఫోన్ చేయండి. లైంగిక వేధింపు అయితే పోలీసులకు తెలియజేయడం పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి.

మానేసి తిరిగివచ్చిన పిల్లవాడికి మొదటి నెల గడ్డుగా ఉంటుంది. తనకన్నా చిన్నవాళ్లు చదివేస్తుంటే సిగ్గుపడతాడు. అదే వీధి నుంచి వచ్చే పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టమని ఉపాధ్యాయుణ్ణి కోరండి, ఒక్క రోజు రాకపోయినా ఆ సాయంత్రమే ఇంటికి వెళ్లి పలకరించండి.