గడువు తేదీ దాటిన సరుకులు: ఏవి వండుకోవచ్చు, ఏవి పారేయాలి?

విజయదశమి వెళ్ళాక వచ్చే మంగళవారం మా విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం. చుట్టాలతో ఇల్లు నిండిపోతుంది కాబట్టి వారం ముందే వంటింటి డబ్బాలన్నీ కిందికి దింపుతాం. అప్పుడు బయటపడతాయి, మొన్న మే నెలతో గడువు తీరిన సేమ్యా ప్యాకెట్టు, ఎప్పుడు తెచ్చామో గుర్తులేని శనగపిండి, సగం వాడిన జీడిపప్పు. నేను తేదీ చూసి పారేద్దామంటాను. మా అత్తయ్య తేదీ చూడరు, వాసన చూస్తారు. ఇన్నేళ్ళలో నాకు అర్థమైంది ఏమిటంటే, కొన్ని సరుకులకు అత్తయ్య పద్ధతి సరైనది, కొన్నింటికి ముక్కును అస్సలు నమ్మకూడదు. ఏది ఏ రకమో తెలిస్తే చాలు.

మొదట తేదీ పక్కనున్న మాట చదవండి

ప్యాకెట్టు మీద ‘బెస్ట్ బిఫోర్’ అని ఉంటే, ఆ తేదీ వరకు రుచి, కరకర, సువాసన బాగుంటాయని అర్థం. మర్నాటికల్లా అది విషమైపోదు. ‘ఎక్స్‌పైరీ’ లేదా ‘యూజ్ బై’ అని ఉంటే, ఆ తేదీ తర్వాత తినవద్దని తయారీదారు చెబుతున్నట్టు. ఆ మాటను గౌరవించండి. కొన్నింటి మీద తేదీ ఉండదు, ‘ప్యాక్ చేసిన నాటి నుంచి 6 నెలలు’ అని ఉంటుంది. ప్యాక్ చేసిన తేదీ వేరే మూల చిన్న అక్షరాల్లో ఉంటుంది, వెతికి లెక్కవేసుకోవాలి.

ఏ తేదీ అయినా సీలు విప్పని, పొడిచోట పెట్టిన ప్యాకెట్టుకే వర్తిస్తుంది. మన తీర ప్రాంతపు ఉక్కపోతలో ఒకసారి కత్తిరించాక రబ్బరు బ్యాండు వేసి అలమరలో పెట్టిన పిండికి ఆ తేదీ వరకు భరోసా లేదు.

ముక్కు పనిచేయని సరుకులను పక్కకు తీయండి

పసిపిల్లల పాలపొడి, బేబీ ఫుడ్: తేదీ ఒక్కరోజు దాటినా వద్దు. బిడ్డకు అదే ఆహారం, తేదీ తర్వాత పోషకాలు డబ్బా మీద రాసినంత ఉంటాయన్న హామీ లేదు.

ఉబ్బిన డబ్బాలు: గులాబ్ జామూన్ టిన్ను, కండెన్స్‌డ్ మిల్క్, టెట్రా ప్యాక్ పాలు, ఏదైనా సరే ఉబ్బినా, కారినా, తెరవగానే బుస్సుమన్నా రుచి చూడకుండా పారేయండి. తేదీ ఇంకా ఏడాది ఉన్నా అంతే. గాలి తగలని డబ్బాల్లో పెరిగే బాక్టీరియా చేసే విషానికి వాసన ఉండకపోవచ్చు, కొంచెం నాలుకకు తగిలినా ప్రమాదమే.

బూజు పట్టిన వేరుశెనగ, మొక్కజొన్న, ఎండుమిర్చి: వీటిలో అఫ్లాటాక్సిన్ అనే విషం పుట్టే ప్రమాదం ఎక్కువ. కాలేయాన్ని దెబ్బతీస్తుంది. కడిగినా, వేయించినా, ఉడికించినా పోదు. ముడుచుకున్నవి, రంగు మారినవి, పచ్చటి బూజున్నవి కనబడితే ఏరుకుని తినే ప్రయత్నం చేయకండి, ఆ డబ్బా మొత్తం తీసేయండి. ఆవుకు పెట్టేద్దామనుకుంటారు చాలామంది. దయచేసి పెట్టకండి, ఆ విషం పాలల్లోకి వస్తుంది.

వరద నీటిలో నానినవి కూడా ఈ లెక్కే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానాన్ని కుదిపేసినప్పుడు మా పుట్టింట్లో పెంకులు లేచిపోయి బియ్యం బస్తా తడిసింది. మూడో రోజు ఎండ వచ్చింది, ఆరబోద్దామని అమ్మ బస్తా మధ్యకు చెయ్యి పోనిచ్చింది. లోపల జ్వరం వచ్చిన ఒళ్ళులా వెచ్చగా ఉంది. బూజు పని మొదలైతే తడి గింజ అలాగే వేడెక్కుతుంది. పైన గింజలు తెల్లగా, చక్కగానే ఉన్నాయి. అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుని గొయ్యి తీయించింది.

మిగిలినవాటిని వెలుతురులో పరీక్షించండి

ట్యూబ్‌లైట్ కింద కాదు, పెరట్లోకో కిటికీ దగ్గరకో తీసుకెళ్ళండి. తెల్లటి పళ్ళెంలో ఒక గుప్పెడు పోసి ముందు కళ్ళతో చూడండి, తర్వాత వాసన చూడండి. రెండూ బాగుంటేనే చిటికెడు నోట్లో వేసుకోండి.

పిండ్లే అన్నిటికంటే త్వరగా పాడవుతాయి. మన వైపు చోళ్ళు, అంటే రాగులు, గింజగా ఉంటే ఏళ్ళ తరబడి ఉంటాయి, పురుగు జోలికి రాదు. అదే చోడిపిండి ఆడించాక గింజలోని కొవ్వుకు గాలి తగిలి నెలల్లోనే చేదెక్కుతుంది. కిందటేడు తేదీ ఇంకా నెల ఉన్న ప్యాకెట్టుతో అంబలి కాచబోతుంటే అత్తయ్య చిటికెడు నాలుక మీద వేసుకుని, ఒక్క క్షణం ఆగి, "సేదొచ్చీసిందమ్మా, పారబొయ్యి" అన్నారు. నేనూ వేసుకున్నాను. మొదట ఏమీ తెలియలేదు, మింగాక నాలుక వెనక చేదు నిలిచిపోయింది. పిండికి ఆ ఆగడం ముఖ్యం. శనగపిండికీ, గోధుమపిండికీ ఇదే పరీక్ష. దంపుడు బియ్యానికి తవుడులో నూనె ఉంటుంది, అదీ త్వరగా ముక్కిపోతుంది. తెల్ల బియ్యం మాత్రం పొడిగా ఉంటే తేదీతో పనిలేదు.

పలాస జీడిపప్పు మెత్తబడితే సన్నని సెగ మీద వేయిస్తే మళ్ళీ కరకరలాడుతుంది. కనరు వాసన వస్తే మాత్రం ఏ పాయసంలో వేసినా దాగదు. గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

నూనె ముక్క వాసన వస్తే కాచినా బాగుపడదు. పాత నూనెలో కొత్తది కలిపితే కొత్తదీ పాడవుతుంది.

పాత కందిపప్పు ప్రమాదం కాదు, మొండిది. గంట ఎక్కువ నానబెట్టి, మెత్తగా ఉడికాకే చింతపండు వేయండి, పులుపు ముందే పడితే పప్పు ఉడకదు. పసుపు, ధనియాల పొడి, మిరియాలు వాసన తగ్గుతాయి అంతే, కొంచెం ఎక్కువ వేసుకోవచ్చు. ఉప్పు, పంచదార, తేనె పాడవవు. ఉప్పు డబ్బాకు మూత బిగుతుగా పెట్టండి, చెమ్మకు అయోడిన్ తగ్గుతుంది.

పురుగు కనబడితే

బియ్యంలో, పప్పులో నాలుగు ముక్కు పురుగులుంటే చేటతో చెరిగి, ఎండలో పోసి, కడిగి వండుకోవచ్చు. రవ్వ, సేమ్యా, పిండి గూడు కట్టి ఉండలుగా జారుతుంటే జల్లించడం దండగ, తీసేయండి. పురుగు పట్టకుండా బోరిక్ పౌడర్ కలపడం కొన్ని ఇళ్ళలో అలవాటు. మానేయండి, అది తినే వస్తువు కాదు. ధాన్యంలో వేసే విషపు బిళ్ళలను ఇంట్లోకే రానీయకండి, వాటి నుంచి వచ్చే గ్యాస్ మనుషుల ప్రాణం తీస్తుంది. వేపాకు, ఎండిన డబ్బా, బిగుతు మూత చాలు.

కొనేటప్పుడు, విప్పేటప్పుడు

మీ ఇంట్లో ఉన్నది ఎంతవరకు వాడాలో మీ ఇష్టం, కానీ గడువు తీరిన సరుకు అమ్మడం నేరం. ఒకసారి ఒక కొట్లో తేదీ మీద ధర స్టిక్కర్ అంటించిన బిస్కెట్లు ఇచ్చారు, ఇంటికొచ్చి గోరుతో గీకితే రెండు నెలల పాతవి. బిల్లు దాచుకోండి. కొట్టువాళ్ళు మార్చనంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పవచ్చు.

ప్యాకెట్టు కత్తిరించిన రోజే చిన్న కాగితం మీద ఆ తేదీ రాసి డబ్బాకు అంటించండి. డబ్బాలో మార్చి పోస్తుంటే అసలు గడువు తేదీ ఉన్న ముక్కను కత్తిరించి లోపల వేయండి. కొత్త సరుకును పాతదాని మీద పోయకండి. అడుగున మిగిలిన గుప్పెడు గిన్నెలోకి తీసి, డబ్బా కడిగి, ఎండలో పూర్తిగా ఆరాకే నింపండి.