పాత ఇంటి రిపేరు: గడువు పెట్టుకునే ముందు జాగ్రత్తలు

▪ మేస్త్రీ రెండు నెలలంటే వెంటనే ముహూర్తం పెట్టించకండి. ముందు పాత పూతను అక్కడక్కడా కొట్టించి చూడండి. లోపల ఇటుకలు సున్నంతో కట్టారా, సిమెంటుతోనా? చెమ్మ ఎంత ఎత్తుకు ఎక్కింది? ద్వారబంధాల అడుగున చెదలున్నాయా? ఇవి తేలకుండా చెప్పే తేదీ ఏదైనా ఊహే. సున్నపు గోడకు సిమెంటు పూస్తే చెమ్మ లోపలే ఉండిపోతుంది. సున్నం పని తెలిసిన మేస్త్రీలు ఇప్పుడు తక్కువ, వాళ్లకోసం ఆగే రోజులూ లెక్కలో వేసుకోండి.

▪ వైరింగు, పైపులు పూతకు ముందే అయిపోవాలి. స్విచ్ బోర్డులు ఎక్కడెక్కడో ఇంట్లోవాళ్లంతా నిలబడి సుద్దముక్కతో గోడ మీద గీయండి. తర్వాత మనసు మారితే మళ్లీ గోడ పగలగొట్టాల్సిందే.

▪ తడిపే రోజులు మాత్రం తగ్గించకండి. సిమెంటు పూతకు కనీసం 7 రోజులు నీళ్లు కొట్టాలి. గోడ పూర్తిగా ఆరకుండా పుట్టీ, రంగు వేస్తే పొరలుగా లేచిపోతాయి. పని జరుగుతున్నట్టు కనిపించని ఈ రోజుల్లోనే టెన్షన్ ఎక్కువ. అయినా తొందరపెట్టొద్దు.

▪ బాత్రూంలో టైల్స్ వేయకముందే ఒకరోజు నీళ్లు నిలిపి, కిందికి కారుతోందేమో చూడండి.

▪ పెంకులు విప్పే పని జూన్ వానలకు ముందే ముగియాలి. కోస్తాలో అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లుంటాయి. సంక్రాంతికి పనివాళ్లు ఊళ్లకు వెళ్తారు.

▪ ఇంట్లో పెద్దవాళ్లుంటే, ఒక బాత్రూం ఎప్పుడూ వాడుకలో ఉండేలా పని వరుస రాయించుకోండి.