పాత ఫిల్మ్ కెమెరా పోలికతో కొత్త డిజిటల్ కెమెరా: అది చేతికొచ్చేలోపు చేసుకోవలసిన పనులు

టీజర్‌లో చూపించేది తక్కువ. ఒక డయల్ తిరుగుతుంది, ఒక వెండి అంచు మెరుస్తుంది, షట్టర్ చప్పుడు వినిపిస్తుంది. నికాన్ 2013లో డీఎఫ్ అనే కెమెరాను ఇలాంటి చిన్న వీడియోలతో ఊరించి ఊరించి విడుదల చేసింది. అలాంటి కెమెరా కోసం ఎదురుచూసే రోజుల్లో పుకార్లు చదవడం కన్నా పనికొచ్చే పనులున్నాయి. స్పెసిఫికేషన్లు చదవడం నేర్చుకోవాలి, పాత లెన్సులను పరీక్షించాలి, అడాప్టర్లను (పాత లెన్సును కొత్త కెమెరాకు తగిలించే ఉంగరాలను) సరిచూడాలి, వేళ్లకు అలవాటు చేయాలి. ఇవి అయ్యాక కెమెరా వస్తే మొదటి రోజు నుంచే ఫొటోలు తీయవచ్చు. ఇవేవీ చేయకుండా కొంటే మొదటి నెల మెనూల్లోనే గడిచిపోతుంది.

డయల్ నిజంగా పనిచేస్తుందా, అలంకారమా?

పైన పటారం, లోన లొటారం అన్న మాట ఈ కెమెరాలకు ఒక్కోసారి అచ్చంగా వర్తిస్తుంది. ప్రకటన రాగానే కెమెరా పైభాగం ఫొటోను పెద్దది చేసి చూడండి. షట్టర్ డయల్ మీద ‘ఎ’ అనే అక్షరం ఉండి, లెన్స్ మీది ఎపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) రింగు మీద కూడా అదే ఉంటే అది ఫిల్మ్ కాలపు పద్ధతి. ఫుజిఫిల్మ్ ఎక్స్100, ఎక్స్-టీ1 ఇలాంటివే. రెండూ ‘ఎ’ మీద పెడితే పూర్తి ఆటో, ఒకదాన్ని తిప్పితే ఆ ఒక్కటి మీ చేతిలోకి వస్తుంది. వేరే మోడ్ డయల్ అవసరం లేదు.

నికాన్ జెడ్ఎఫ్‌సీ, జెడ్ఎఫ్‌లది వేరే దారి. వాటిలో ఐఎస్‌ఓ డయల్ దగ్గర పీ-ఎస్-ఎ-ఎం మీట ఒకటి ఉంటుంది, షట్టర్, ఎపర్చర్‌లలో ఏది మీరు పెట్టాలో, ఏది కెమెరా పెట్టాలో దానితో ఎంచుకోవాలి. మీటను ‘ఎ’ (ఎపర్చర్ మీరు పెడితే షట్టర్ కెమెరా పెట్టేది) మీద పెడితే షట్టర్ డయల్ దేనిమీద ఉన్నా కెమెరా పట్టించుకోదు. డయల్ మీద 1/125 కనిపిస్తుంటే లోపల 1/30 నడుస్తుండవచ్చు. కదిలిపోయిన ఫొటోలతో చాలామంది తల పట్టుకునేది ఇక్కడే. నిజానికి అది కెమెరా లోపం కాదు, మీట చూసుకోకపోవడం. వీటితోపాటు వచ్చే 28 మి.మీ. ఎఫ్/2.8, 40 మి.మీ. ఎఫ్/2 ఎస్ఈ లెన్సులు పాత నిక్కోర్ (నికాన్) లెన్సుల వేషం వేసుకున్నాయి గానీ వాటికి ఎపర్చర్ రింగు లేదు. ఎఫ్ అంకె బాడీ మీది చిన్న కిటికీలో కనిపిస్తుంది.

తరువాత చూడవలసినవి సెన్సర్ పరిమాణం, బాడీలో స్టెబిలైజేషన్ (చేతి వణుకును సర్దే ఏర్పాటు), బరువు. జెడ్ఎఫ్‌సీ (2021) ఏపీఎస్-సీ అనే చిన్న సెన్సర్‌తో, స్టెబిలైజేషన్ లేకుండా వచ్చింది. జెడ్ఎఫ్ (2023) ఫుల్‌ఫ్రేమ్ (35 మి.మీ. ఫిల్మ్ ఫ్రేమంత సెన్సర్), అందులో స్టెబిలైజేషన్ ఉంది. రెండూ 1982 నాటి నికాన్ ఫిల్మ్ కెమెరా ఎఫ్ఎం2ను చూసి గీసినవే. ఏపీఎస్-సీలో పాత 50 మి.మీ. లెన్స్ 75 మి.మీ. కోణం చూపిస్తుంది, 28 కాస్తా 42 అవుతుంది. ఇంట్లో ఉన్న పాత లెన్సుల కోసమే కెమెరా కొంటున్నవారికి మిగతా స్పెసిఫికేషన్లన్నిటికన్నా ఇదే ముఖ్యం. బరువు విషయానికొస్తే ఎఫ్ఎం2 బాడీ సుమారు 540 గ్రాములు, జెడ్ఎఫ్ బ్యాటరీ, కార్డులతో కలిపి సుమారు 710. ముందు పట్టు లేని చదును బాడీకి బరువైన లెన్స్ తగిలిస్తే మణికట్టు నొప్పి పుడుతుంది.

పాత లెన్సును టార్చితో చూడడం

ఎపర్చర్ పూర్తిగా తెరిచి, వెనుక నుంచి టార్చి వేసి, ముందు నుంచి ఏటవాలుగా చూడండి. సాలెగూడు పోగుల్లా కనిపిస్తే ఫంగస్. పొగమంచులా సమానంగా పరుచుకుని ఉంటే హేజ్. అంచుల దగ్గర ఇంద్రధనుస్సు రంగులు తేలితే గాజు పలకలను కలిపిన జిగురు విడిపోతోందని అర్థం, అలాంటిది కొనవద్దు. నాలుగైదు దుమ్ము కణాలు, ముందు గాజు మీద సన్నని గీత ఉన్నా ఫొటోలో తెలియదు. వెనుక గాజు మీది గీత మాత్రం తెలుస్తుంది.

ఎపర్చర్ బ్లేడ్ల మీద నూనె మెరుపు ఉంటే దాని ప్రభావం కెమెరాను బట్టి మారుతుంది. డీఎఫ్ లాంటి, లోపల అద్దం ఉన్న ఎస్ఎల్ఆర్‌లో షట్టర్ నొక్కిన క్షణంలోనే బ్లేడ్లు మూసుకోవాలి. నూనె వల్ల అవి ఆలస్యమైతే ఎఫ్/11, ఎఫ్/16 దగ్గర ఫొటో తెల్లబోతుంది. అద్దం లేని మిర్రర్‌లెస్‌లో మామూలు అడాప్టర్‌తో అయితే రింగు తిప్పగానే బ్లేడ్లు అక్కడికి వచ్చి ఆగుతాయి, కాబట్టి మందకొడి బ్లేడ్లు పెద్ద ఇబ్బంది కాదు.

కొన్ని పాత లెన్సుల్లో థోరియం కలిపిన గాజు వాడారు. ఏడు గాజుల సూపర్ టకుమార్ 50 మి.మీ. ఎఫ్/1.4 అందులో ఒకటి. కాలక్రమంలో ఆ గాజు పసుపెక్కుతుంది. అతినీలలోహిత (యూవీ) ఎల్ఈడీ దీపం కింద కొన్ని రోజులు ఉంచితే పసుపు చాలావరకు పోతుంది. డిజిటల్‌లో వైట్ బ్యాలెన్స్ దాన్ని సర్దేస్తుంది కాబట్టి తొందరేమీ లేదు.

నికాన్ లెన్సులు ఉన్నవారు మరొకటి చూడాలి. లెన్స్ ఎపర్చర్ రింగు ఎక్కడుందో కెమెరాకు తెలిపే ఏఐ పద్ధతి 1977లో వచ్చింది. అంతకుముందటి లెన్సుల్లో ఎపర్చర్ రింగు వెనుక అంచుకు గాడి ఉండదు. అలాంటి లెన్సును ఏఐ మీట ఉన్న ఎఫ్ మౌంట్ (లెన్స్ బిగించే చోటు) బాడీకి బలవంతంగా ఎక్కిస్తే ఆ మీట విరుగుతుంది. డీఎఫ్‌లో మీటను పైకి మడవవచ్చు. మడిచాక ఎపర్చర్‌ను లెన్స్ మీద ఒకసారి, కెమెరాలో ఒకసారి పెట్టాలి. రెండోది మరిచిపోతే మీటరింగ్ (వెలుతురు కొలత) తప్పుతుంది.

అడాప్టర్: అసలు తంటా ఇక్కడే

లెన్స్ మౌంటుకూ ఫిల్మ్‌కూ మధ్య ఉండవలసిన దూరం దాదాపు ప్రతి కంపెనీకీ వేరు. నికాన్ ఎఫ్ 46.5 మి.మీ., ఒలింపస్ ఓఎం 46, ఎం42 (మరలతో బిగించే పాత మౌంట్), పెంటాక్స్ కె రెండూ 45.46, మినోల్టా ఎండీ 43.5, కానన్ ఎఫ్‌డీ 42, లైకా ఎం 27.8. డిజిటల్ వైపు నికాన్ జెడ్ 16, ఫుజి ఎక్స్ 17.7, సోనీ ఈ 18, మైక్రో ఫోర్ థర్డ్స్ 19.25, కానన్ ఆర్ఎఫ్, ఎల్ మౌంట్ రెండూ 20. మొదటి అంకెలోంచి రెండోది తీసేస్తే అడాప్టర్ మందం వస్తుంది. నికాన్ ఎఫ్ నుంచి జెడ్‌కు 30.5 మి.మీ., కానన్ ఎఫ్‌డీ నుంచి సోనీకి 24. మీకు కావలసిన కెమెరా ఏ మౌంటుతో వస్తుందో ప్రకటించేదాకా అడాప్టర్ కొనకండి. లెన్సులు మాత్రం ఇప్పుడే వెతకవచ్చు.

మందంలో పదో వంతు మిల్లీమీటరు తేడా ఉంటే ఏమవుతుందో లెక్క వేసి చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. ఫోకల్ లెంగ్త్ (లెన్స్ మీది మి.మీ. అంకె) వర్గాన్ని ఆ తేడాతో భాగించాలి. 50 మి.మీ. లెన్సుకు 2500ను 0.1తో భాగిస్తే 25,000 మి.మీ., అంటే 25 మీటర్లు. అంటే అడాప్టర్ 0.1 మి.మీ. ఎక్కువ మందంగా ఉంటే ఫోకస్ 25 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. 20 మి.మీ. లెన్సుకు అదే తేడా 4 మీటర్ల దగ్గర ఆపేస్తుంది, ఇక కొండలూ మేడలూ మసకే. అందుకే చాలా అడాప్టర్లను కావాలనే కాస్త పలచగా చేస్తారు. అప్పుడు అనంతం (ఎంత దూరమైనా స్పష్టంగా ఉండే ఫోకస్) దొరుకుతుంది గానీ లెన్స్ మీది దూరాల అంకెలు అబద్ధమాడతాయి. అడాప్టర్ 0.1 మి.మీ. పలచనైతే అదే 20 మి.మీ. లెన్సును 4 మీటర్ల గీత మీద పెడితే అనంతానికి ఫోకస్ అవుతుంది.

పరీక్ష తేలిక. లెన్సును పూర్తిగా తెరిచి, ఒకటి రెండు కిలోమీటర్ల దూరంలోని టవర్‌నో, రాత్రి నక్షత్రాన్నో తెర మీద పెద్దది చేసి ఫోకస్ చేయండి. రింగు చివరికి వచ్చినా స్పష్టత రాకపోతే అడాప్టర్ మందం ఎక్కువ, వెనక్కి పంపేయండి. అనంతం గుర్తుకు ముందే స్పష్టత వచ్చేస్తే పలచన. రెండు ముక్కలుగా విడదీయగల అడాప్టర్ అయితే మధ్యలో సన్నని ఇత్తడి రేకు ఉంగరం పెట్టి సరిచేయవచ్చు. తగిలించాక లెన్స్ ఊగుతుంటే ఫ్రేమ్‌లో ఒక పక్కే మసక వస్తుంది. లోపలి గోడ నల్లగా ఉన్నా నిగనిగలాడుతుంటే ఎదురు వెలుతురులో ఫొటో మధ్యలో తెల్లటి మచ్చ పడుతుంది. అక్కడ నల్ల వెల్వెట్ కాగితం అంటిస్తే చాలు.

ఎం42 లెన్సుల వెనుక చిన్న పిన్ను ఉంటుంది. దాన్ని నొక్కే అంచు అడాప్టర్‌కు లేకపోతే, లెన్స్ మీద ఆటో-మాన్యువల్ స్విచ్ కూడా లేకపోతే, రింగు ఎంత తిప్పినా ఎపర్చర్ తెరిచే ఉంటుంది. కానన్ ఎఫ్‌డీ అడాప్టర్‌కు సొంత రింగు ఒకటి ఉంటుంది. అది తప్పు వైపు ఉంటే ఇదే కథ. లైకా ఎం లాంటి అద్దం లేని ఫిల్మ్ కెమెరాల (రేంజ్‌ఫైండర్ల) వైడ్ లెన్సులతో ఇంకో చిక్కు: వెనుక గాజు సెన్సర్‌కు బాగా దగ్గరగా వస్తుంది. వెలుతురు అంచుల్లో చాలా ఏటవాలుగా పడి, మూలలు ఊదా రంగు తిరుగుతాయి, స్పష్టత జారిపోతుంది. ఫిల్మ్ మీద అద్భుతంగా ఉన్న లెన్స్ ఇక్కడ తేలిపోవడానికి కారణం ఇదే. లోపలికి ముడుచుకునే లెన్సులను డిజిటల్ బాడీలోకి ఎప్పుడూ ముడవకండి.

ఉన్న కెమెరాతోనే సాధన

కొత్త కెమెరా వచ్చేదాకా చేతిలో ఉన్నదాన్ని మాన్యువల్‌లో, ఐఎస్‌ఓ 400 మీద పెట్టండి. మంచి ఎండలో 1/500, ఎఫ్/16. మబ్బు పడితే ఎఫ్/8. ఆరుబయట నీడలో ఎఫ్/4. ముందు అంచనా వేసి, తరువాతే మీటరు చూడండి. వారం తిరిగేసరికి తేడా ఒక స్టాప్ (వెలుతురు రెట్టింపో సగమో) లోపు వస్తుంది.

దూరం అంచనా కూడా అంతే ముఖ్యం. ఫుల్‌ఫ్రేమ్‌లో 35 మి.మీ. లెన్సును ఎఫ్/8, 3 మీటర్ల మీద పెడితే సుమారు 1.9 నుంచి 7.3 మీటర్ల దాకా స్పష్టంగా ఉంటుందని పాత లెక్క. ఆ లెక్క ఓ మోస్తరు ప్రింటు కోసం వేసినది. 24 మెగాపిక్సెల్ ఫొటోను తెర మీద నూరు శాతం చూస్తే అంచులు మెత్తగా కనిపిస్తాయి. ఎఫ్/8 వాడుతూ, లెన్స్ మీద ఎఫ్/4 గీతల మధ్య దూరాన్నే నమ్మండి.

మొదటి రోజు సెట్టింగులు

వ్యూఫైండర్ డయాప్టర్ (మీ కంటి చూపుకు సరిపెట్టే చిన్న చక్రం) సరిచేయండి. తెరలోని అక్షరాలు పదునుగా కనిపించేదాకా తిప్పాలి, లేకపోతే మాన్యువల్ ఫోకస్ ఎప్పటికీ కుదరదు. మామూలు అడాప్టర్‌తో కొన్ని కెమెరాలు లెన్సే లేదనుకుని షట్టర్ నొక్కనివ్వవు. లెన్స్ లేకుండా షట్టర్ పనిచేసే ఎంపికను మెనూలో ఆన్ చేయాలి. ఆ తరువాత ఫోకల్ లెంగ్త్ నమోదు చేయండి, లెన్స్ మార్చిన ప్రతిసారీ దాన్నీ మార్చండి. 135 అని ఉంచేసి 28 మి.మీ. లెన్సుతో తీస్తే స్టెబిలైజేషన్ అవసరానికి మించి సెన్సర్‌ను కదిపి ఫొటోను తానే చెడగొడుతుంది. ఫోకస్ పీకింగ్ (ఫోకస్ కుదిరిన అంచులను రంగుతో చూపించేది) దారి చూపించేంతవరకే, ఎఫ్/2 కన్నా తెరిచి తీస్తే తెరను పెద్దది చేసుకుని చూడక తప్పదు.

ఫ్లాష్ వాడితే వ్యూఫైండర్‌లో ఎక్స్‌పోజర్ ప్రివ్యూ ఆపేయండి, లేకపోతే తెరంతా చీకటే. రూపం కుదిరింది కదా అని పాత ఫ్లాష్‌ను తొందరపడి తగిలించకండి. ఫ్లాష్‌ను పూర్తిగా చార్జ్ చేసి, కెమెరాకు బిగించే దాని కాలి కింది మధ్య పిన్నుకూ పక్క అంచుకూ మధ్య మల్టీమీటరుతో వోల్టేజి చూడండి. కొన్ని పాత వాటిలో అది వందల వోల్టుల్లో ఉంటుంది. నికాన్ మాన్యువల్ 250 వోల్టులు దాటిన ఫ్లాష్ వద్దంటుంది. మీ కెమెరా మాన్యువల్‌లో ఎంత రాసి ఉందో చూశాకే తగిలించండి, పరిమితి ఏమీ రాయకపోతే అసలు వాడవద్దు.

షట్టర్ బటన్ మీద బిగించే గుండ్రటి మెత్త కొనేముందు బటన్‌కు మరలు ఉన్నాయో లేదో చూసుకోండి. రూపం పాతదైనా కొన్నిటికి ఉండవు, అంటించే రకాలు జేబులోకో సంచిలోకో రాలిపోతాయి. సగం తోలు కేసు కొంటే బ్యాటరీ మూత కేసు తీయకుండానే తెరుచుకోవాలి. జెడ్ఎఫ్‌లో కార్డులు రెండూ ఆ మూత కిందే ఉంటాయి.