కెన్యా ముళ్లపొదల్లో గెరెనుక్‌ను గుర్తుపట్టడం ఎలా?

గెరెనుక్ సన్నని కాళ్ళు, అసాధారణమైన పొడవు మెడ గల జింక. ఇది ఇథియోపియా, జిబూటీ, సోమాలియా, కెన్యా, టాంజానియా దేశాల్లోని పొడినేలల్లో జీవిస్తుంది. దీన్ని చూడడానికి ఉత్తర కెన్యాలోని సంబూరు అభయారణ్యం అనువైన చోటు.

మొదట ఎక్కడ వెతకాలో నిర్ణయించుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లోని రోళ్లపాడు అభయారణ్యంలో కృష్ణజింకలను చూసిన అలవాటుతో గడ్డి మైదానంపైనే చూపు నిలిపితే ఫలితం ఉండదు. గెరెనుక్ ఆకులు, చిగుళ్ళు, పూలు, కాయలు తింటుందే తప్ప గడ్డిని దాదాపుగా ముట్టదు. కావలసిన నీరు కూడా చాలావరకు ఆ మేతలోనే దొరుకుతుంది కాబట్టి నది ఒడ్డున కాచుకుని కూర్చోవడం వృథా. తుమ్మ జాతి చెట్లు, ముళ్లపొదలు ఉన్న చోట, ఉదయపు వేళ వాహనాన్ని నెమ్మదిగా నడిపించమని డ్రైవరును కోరాలి.

తరువాత పొదల పైభాగాన్ని పరిశీలించాలి. వెనుక కాళ్ళపై నిటారుగా నిలబడి, ముందు కాళ్ళతో కొమ్మలను వంచుకుంటూ, సుమారు 2 మీటర్ల ఎత్తులోని ఆకులను కోసుకు తినే జింక కనిపిస్తే ఇక సందేహించనక్కరలేదు. ముళ్ల మధ్య నుంచి చిన్న ఆకులను ఏరుకోవడానికి దాని కోసుగా ఉండే మూతి, కదిలే పెదవులు ఎంతగానో ఉపకరిస్తాయి. నా దృష్టిలో కొలతలన్నిటికంటే నమ్మదగిన గుర్తు ఈ అలవాటే.

నాలుగు కాళ్ళపై ఉన్నప్పుడు మాత్రం కొంత శ్రమ తప్పదు. అలికిడి వినగానే అది పొద వెనుక కదలకుండా నిలిచి, మెడ చాచి చూస్తుంది. అప్పుడు పెద్ద చెవులు, కళ్ళ చుట్టూ తెల్లని వలయాలు బైనాక్యులర్‌లో తెలుస్తాయి. వీపుపై ముదురు గోధుమ రంగు పట్టీ, పక్కలకు లేత రంగు, కింద తెల్లని పొట్ట ఉంటాయి. భుజం వద్ద ఎత్తు సుమారు 80 నుంచి 105 సెంటీమీటర్లు. పారిపోయేటప్పుడు మెడను ముందుకు చాచి, వీపుతో సమంగా దించి, పొదల మధ్య నుంచి జారుకుంటుంది.

ఇతర జింకలతో పొరబడకుండా కూడా చూసుకోవాలి. అదే ప్రాంతంలో తిరిగే ఇంపాలా అనే జింకకు పిరుదులపై నిలువు నల్లచారలు ఉంటాయి. గ్రాంట్స్ గజెల్ అనే మరో జింకలో ఆడ, మగ రెండింటికీ కొమ్ములుంటాయి. గెరెనుక్‌లో కొమ్ములు మగవాటికే.

చివరగా గుంపును గమనించాలి. ఆడవి పిల్లలతో చిన్న గుంపులుగా తిరుగుతాయి. ఎదిగిన మగది తరచుగా ఒంటరిగా ఉంటూ, కంటి ముందున్న గ్రంథి నుంచి వచ్చే నల్లని జిగురును కొమ్మలకు పూసి తన హద్దును తెలియజేస్తుంది. అప్పుడే పుట్టిన పిల్లను తల్లి పొదలో దాచి మేతకు వెళ్తుంది కనుక, ఒంటరిగా పడుకున్న పిల్ల కనిపిస్తే అనాథగా భావించి దగ్గరకు వెళ్ళకూడదు. వాహనం దిగకుండా కొద్దిసేపు చూసి ముందుకు సాగాలి.