చైనా అక్షరాన్ని రాడికల్ ద్వారా నిఘంటువులో వెతికే పద్ధతి

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుంచి వైద్యవిద్యకు చైనా వెళ్లదలచిన విద్యార్థులు అక్కడి భాషలో అన్నిటికన్నా ముందు నేర్చుకోవలసింది రాడికళ్లను గుర్తుపట్టడమని నా గట్టి అభిప్రాయం. ఉచ్చారణ తెలియని అక్షరాన్ని అకారాది క్రమంలో వెతకలేము కనుక, ప్రతి అక్షరాన్నీ ఏదో ఒక వర్గంలో చేర్చే ఈ మూలభాగమే నిఘంటువులో దారి చూపుతుంది. క్రీ.శ. 100 ప్రాంతంలో చైనా పండితుడు షు షెన్ అక్షరాలను 540 వర్గాలుగా విభజించాడు. 1716లో పూర్తయిన కాంగ్‌షీ నిఘంటువు 214 వర్గాలను స్థిరపరచింది. నేటి సరళ లిపికి ప్రమాణమైన పట్టికలో 201 ఉన్నాయి.

కృష్ణానది గురించి రాయాలన్నా, పానగల్లులోని ఉదయసముద్రం గురించి రాయాలన్నా మీకు ముందుగా కావలసింది నీటి రాడికల్. అది అక్షరానికి ఎడమవైపున మూడు చిన్న గీతలుగా ఉంటుంది: పై రెండూ కిందికి జారే చుక్కలు, మూడవది కింది నుంచి పైకి లేస్తుంది. నిఘంటువు మొదట్లోని రాడికళ్ల పట్టికలో మూడు గీతల వరుసలో దానిని పట్టుకొని, అక్కడ సూచించిన పుటకు వెళ్లి, అక్షరంలో మిగిలిన గీతలను లెక్కించాలి. 'నది' అనే అక్షరంలో కుడివైపున ఒక అడ్డగీత, దాని కింద చిన్న పెట్టె, పక్కన కొక్కెంతో ముగిసే నిలువుగీత ఉంటాయి. పెట్టెకు నాలుగు అంచులున్నా, పై అంచునూ కుడి అంచునూ కలం ఎత్తకుండా ఒకే మలుపుతో రాస్తారు కనుక దాని గీతలు మూడే. కాబట్టి రాడికల్ పోగా మిగిలిన గీతలు 5. లెక్క తప్పేది ఎక్కువగా ఇలాంటి మలుపుల దగ్గరే. అదే వర్గంలో 'సముద్రం' 7 గీతల కింద, 'సరస్సు' 9 గీతల కింద దొరుకుతాయి.

వైద్య విద్యార్థులకు మరో రెండు తప్పనిసరి. పైనుంచి ఎడమవైపుకు వాలి అక్షరాన్ని కప్పే అయిదు గీతల రాడికల్ రోగానిది. జబ్బు, నొప్పి వంటి మాటలు దాని కిందే ఉంటాయి. కాలేయం, ఊపిరితిత్తుల అక్షరాలకు ఎడమవైపున ఉండేది చూడటానికి చంద్రుడి రాడికలే అయినా అసలు మాంసానికి గుర్తు. కాంగ్‌షీ ఈ రెంటినీ వేరుచేసింది, నేటి నిఘంటువులు ఒకే చోట ఉంచుతాయి.

ఎడమవైపున ఉన్నదే రాడికల్ అని మాత్రం అనుకోకూడదు. 'మద్యం' అనే అక్షరంలో నీటిచుక్కలు స్పష్టంగా కనిపిస్తున్నా, కాంగ్‌షీ దానిని కుడివైపు భాగమైన మద్యపాత్ర రాడికల్ కింద చేర్చింది. ఒక భాగం కింద దొరకకపోతే రెండవ భాగం కింద చూడాలి. అక్కడా లేకపోతే, చాలా నిఘంటువుల్లో కష్టమైన అక్షరాలకు విడిగా ఇచ్చే సూచికలో మొత్తం గీతల సంఖ్యను బట్టి వెతకవచ్చు.