అమెరికా ఎన్నికల సర్వేలు చదవడం: మూడో పాఠం. ఏడు రాష్ట్రాలు, ఒకే తూకం రాయి

ముందుగా పోయిన పాఠం చివర ఇచ్చిన లెక్కకు జవాబు చూద్దాం. అమెరికాలో ప్రతి రాష్ట్రానికీ కొన్ని ఎలక్టోరల్ ఓట్లు ఉంటాయి, మొత్తం 538లో 270 వచ్చినవారే అధ్యక్షులు. 2024లో డొనాల్డ్ ట్రంప్ మీద పోటీ చేసిన కమలా హారిస్‌కు వచ్చినవి 226 ఎలక్టోరల్ ఓట్లు. ఇంకే రాష్ట్రాలు కలిస్తే సరిగ్గా 270 అయ్యేవని అడిగాను. పెన్సిల్వేనియా 19, మిషిగన్ 15, విస్కాన్సిన్ 10, మొత్తం 44. ఈ మూడూ వచ్చి ఉంటే నార్త్ కరోలినా, జార్జియా, అరిజోనా, నెవాడా నాలుగూ పోయినా ఆమే అధ్యక్షురాలు. ఎటైనా మొగ్గగల స్వింగ్ రాష్ట్రాలు ఈ ఏడే. ఆ మూడింటిలో ట్రంప్‌కు ఎక్కువ ఆధిక్యం వచ్చింది పెన్సిల్వేనియాలో. అదీ 1.7 పాయింట్లే, అంటే వంద ఓట్లకు 1.7 ఓట్ల తేడా. ఇంత సన్నని తేడాను సర్వే పట్టుకోగలదా అన్నదే ఈ రోజు పాఠం.

కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. సాధన కోసం ఒక సర్వేను ఊహించుకుందాం. జార్జియాలో 800 మందిని అడిగితే ఒక అభ్యర్థికి 48 శాతం, రెండో అభ్యర్థికి 46 శాతం వచ్చింది. కింద చిన్న అక్షరాల్లో మార్జిన్ ఆఫ్ ఎర్రర్ (అంకె అటూ ఇటూ తప్పగల హద్దు) 3.5 అని ఉంది. ఆ అంకె ఎలా వచ్చింది? 800కు వర్గమూలం 28.3. ఒకటిని దానితో భాగిస్తే 0.035, అంటే 3.5 శాతం. ఏ సర్వేకైనా సుమారుగా ఇదే లెక్క. ఈ తప్పును సగానికి తగ్గించాలంటే 1,600 మందిని అడిగితే చాలదు, 3,200 మందిని అడగాలి.

ఇక్కడే చాలామంది పొరపడతారు. ఆ 3.5 ఒక్కొక్క అభ్యర్థి శాతానికి వర్తించేది. ఇద్దరి మధ్య తేడాకు అది దాదాపు రెట్టింపవుతుంది. ఒకరికి రెండు తగ్గితే ఆ రెండూ సాధారణంగా ఎదుటివారికే చేరతాయి కదా. కాబట్టి ‘2 పాయింట్ల ఆధిక్యం’ అన్న వార్తను మీరు ఇలా చదవాలి: ఆయన 9 పాయింట్లు ముందుండవచ్చు, 5 పాయింట్లు వెనక ఉండవచ్చు. ‘నిన్న 2 ముందున్నాడు, ఈ రోజు 1 వెనకబడ్డాడు’ అని టీవీలో అరుస్తుంటే టెన్షన్ పడకండి. ఈ లెక్కలో ఆ రెండు సర్వేలూ ఒకే మాట చెబుతున్నాయి.

అడిగింది నమోదైన ఓటర్లందరినా, ఓటేసే అవకాశం ఉన్నవాళ్లనా అన్నది కూడా చూడండి. ఎన్నిక దగ్గరపడ్డాక రెండో రకమే చూసుకోవడం మేలు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ మార్జిన్ ఆఫ్ ఎర్రర్ చెప్పేది లాటరీ తీసినట్టు మనుషులను ఎంచుకున్నప్పుడు వచ్చే తప్పు గురించి మాత్రమే. ఫోన్ ఎత్తనివాళ్ల గురించి అది ఏమీ చెప్పదు. 2016లో జరిగింది ఇదే. కాలేజీ చదువున్నవాళ్లు సర్వేలకు ఎక్కువగా జవాబిస్తారు. ఆ ఏడాది వాళ్లు హిల్లరీ క్లింటన్ వైపు మొగ్గారు. చాలా రాష్ట్ర సర్వేలు చదువును బట్టి వెయిటేజీ సరిచేయలేదు, అంటే ఎక్కువగా జవాబిచ్చిన వాళ్ల లెక్కను ఓటర్లలో వాళ్ల అసలు వాటాకు తగ్గించలేదు. సర్వేల్లో క్లింటన్ ముందున్న మిషిగన్‌లో చివరికి ట్రంప్ 10,704 ఓట్లతో గెలిచాడు. 2020 నాటికి ఎక్కువ సంస్థలు ఆ లోపాన్ని దిద్దుకున్నాయి. అయినా విస్కాన్సిన్‌లో సర్వేల సగటు జో బైడెన్‌కు సుమారు 8 పాయింట్ల ఆధిక్యం చూపించింది. ఒక సర్వే అయితే 17 అంది. చివరికి ఆయన గెలిచింది 20,682 ఓట్లతో, అంటే 0.6 పాయింట్లతో.

సంతలో ఒక వ్యాపారి కిలో రాయి యాభై గ్రాములు తక్కువ ఉందనుకోండి. ఆ రాయితో కందిపప్పు తూచినా, మినప్పప్పు తూచినా, బెల్లం తూచినా ప్రతి పొట్లం యాభై గ్రాములు తక్కువే వస్తుంది. ఒకదాంట్లో తగ్గింది ఇంకోదాంట్లో ఎక్కువై సరిపోదు. సర్వేల తప్పు కూడా చాలా వరకు అలాంటిదే. మిషిగన్‌లో ఫోన్ ఎత్తని రకం ఓటరు విస్కాన్సిన్‌లోనూ ఎత్తడు, పెన్సిల్వేనియాలోనూ ఎత్తడు. ఒక రాష్ట్రంలో లెక్క తప్పితే పక్క రాష్ట్రంలోనూ అటే తప్పే అవకాశం ఎక్కువ.

ఏడు రూపాయి బిళ్లలు ఎగరేస్తే ఏడూ ఒకే వైపు పడే అవకాశం 64లో 1. స్వింగ్ రాష్ట్రాలు బిళ్లల్లాంటివైతే చాలాసార్లు నాలుగు-మూడుగా చీలాలి. జరిగింది చూడండి. 2016లో ఈ ఏడింటిలో ఆరు ట్రంప్‌కు, నెవాడా క్లింటన్‌కు. 2020లో ఆరు బైడెన్‌కు, నార్త్ కరోలినా ట్రంప్‌కు. 2024లో ఏడూ ట్రంప్‌కే, 312-226. కాబట్టి సర్వేలు ‘నువ్వా నేనా’ అంటే ఫలితం కూడా అలాగే ఉంటుందని అనుకోవద్దు.

అయితే ఈసారి రాయి ఎటు మొగ్గుతుందో ముందుగా తెలియదు. ‘ట్రంప్‌కు ఎప్పుడూ మూడు పాయింట్లు కలుపుకోవాలి’ అనే సూత్రం వాట్సాప్‌లో మీకూ వచ్చే ఉంటుంది. దాన్ని నమ్మకండి. 2012లో బరాక్ ఒబామా బలాన్ని సర్వేలు తక్కువగా చూపించాయి. 2022 పెన్సిల్వేనియా సెనేట్ పోటీలో ఒబామా పార్టీ అయిన డెమొక్రాట్ల బలాన్నీ తక్కువగానే చూపించాయి. కలపాల్సి వస్తే రెండు వైపులా కలిపి చూడాలి.

వింతగా కనిపించే సర్వే సంగతి కూడా చెప్పాలి. 2024 నవంబరు 2న అయోవాలో హారిస్ 3 పాయింట్లు ముందుందని ఆ రాష్ట్రపు సర్వే నిపుణురాలు ఆన్ సెల్జర్ సర్వే వచ్చింది. ట్రంప్ అక్కడ 13 పాయింట్లతో గెలిచాడు. సెల్జర్‌ను చాలామంది ఎగతాళి చేశారు. నాకు మాత్రం ఆమె మీద గౌరవమే. వచ్చిన అంకెను దాచకుండా బయటపెట్టింది. 800 మందితో చేసే సర్వేలు ఇరవై వచ్చి, అన్నీ ‘సమానం’ అంటే నేను ఎక్కువ అనుమానిస్తాను. నిజంగా సమానంగా ఉన్నా కొన్ని అటు నాలుగు, కొన్ని ఇటు అయిదు చూపించాలి. చూపించలేదంటే ఎవరో భయపడి అంకెను గుంపులోకి లాగినట్టే. మీరు మాత్రం వింత సర్వేను పారేయకండి, నెత్తిన పెట్టుకోకండి. సగటులో ఒకటిగా కలపండి.

అట్లాంటా శివార్లలో, నార్త్ కరోలినాలోని కేరీలో ఉంటున్న మన పాఠకులకు ఒక మాట. ‘ఆసియా మూలాలున్నవాళ్లు ఇటు తిరిగారు’ అనే వార్త చూస్తే, సర్వేలో వాళ్లు ఎందరో వెతకండి. ముప్పై మందే ఉంటే తప్పు 18 శాతం. దాన్నుంచి తెలుగువాళ్ల ఓటు లాగడం అసలు కుదరదు.

వచ్చే పాఠంలోపు ఈ సాధన చేయండి. ఏడు రాష్ట్రాలు పక్కన పెడితే హారిస్‌కు 226, ట్రంప్‌కు 219. నేను అనుకున్న అంకెలు ఇవి: మిషిగన్, విస్కాన్సిన్, నెవాడాల్లో హారిస్ 1 పాయింటు ముందు. పెన్సిల్వేనియా, నార్త్ కరోలినా, జార్జియాల్లో ట్రంప్ 1 పాయింటు ముందు, అరిజోనాలో 2.5 ముందు. నెవాడాకు 6 ఎలక్టోరల్ ఓట్లు, అరిజోనాకు 11, జార్జియా, నార్త్ కరోలినాలకు చెరి 16. ముందు ఉన్నది ఉన్నట్టు లెక్కించండి. తర్వాత ఏడింటిలోనూ తేడాను ట్రంప్ వైపు 2 పాయింట్లు జరపండి. మళ్లీ మొదటి అంకెలకు వచ్చి హారిస్ వైపు 2 జరపండి. మూడు మొత్తాలూ పక్కపక్కన రాసి ఉంచండి, నాలుగో పాఠం అక్కడి నుంచే మొదలుపెడదాం.